రేపటి గడిలో యాభై నాలుగు

లోపల కమిటీ మీటింగులో ఇంకా పైకప్పు సంగతే నడుస్తోంది. నాలుగింటికి రమ్మన్నారు, నాలుగూ ఇరవై దాటింది, గ్యాలరీ మీద రేకులు ఎక్కడెక్కడ కారుతున్నాయో కార్యదర్శిగారు తలుపవతల వరసగా చదువుతున్నారు, అధ్యక్షులవారు మధ్యమధ్యలో దగ్గుతున్నారు. రేకుల తర్వాత నేను. ఏడు మ్యాచుల్లో ఐదు ఓడిన ఫుట్‌బాల్ కోచ్‌ని కారే రేకుల పక్కన పెట్టడం సబబే, రెండింటినీ మార్చడమా, అతుకేసి సరిపెట్టడమా అన్నదే ప్రశ్న. ఇలాంటి జోకులు నాకు ఏడుపు ముంచుకొచ్చే ముందే తడతాయి. ఈ సంగతి మా ఆయనకి తెలుసు, నేను వంటింట్లో జోకేస్తే చాలు, చేతిలో బస్సు తాళాలు బల్లమీద పెట్టేసి ఏమైందే అంటాడు. పొద్దున కూడా అన్నాడు. ఏం లేదు, క్లబ్బులో మీటింగన్నాను. అయితే కాగితాలేవైనా పట్టుకెళ్లు, చేతిలో కాగితం ఉన్నవాళ్లని ఎవరూ తొందరపడి దించెయ్యరు అన్నాడు. పాతికేళ్లు బస్సు నడిపిన మనిషి, ఆయన లోకంలో టికెట్టున్నవాడికి భయం లేదు. నేనూ నమ్మాను, ఆరు వారాల పల్స్ చార్టు ఫైల్లో పెట్టుకుని ఒళ్లో ఉంచుకుని కూర్చున్నాను.

ఎదురుగా అద్దాల బీరువాలో కప్పులు. అందులో రెండు నేను ఆడిన రోజులవి, మూడు నేను నేర్పిన రోజులవి, మూడోదాని చెవి ఒకటి ఊడింది, గెలిచిన రాత్రి వ్యానులో పిల్లలు ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు లాక్కుంటే ఊడింది, ఆ చెవిని జేబులో వేసుకుని తెచ్చింది మేస్త్రి. మేస్త్రి అంటే మా కెప్టెన్. వాళ్ల నాన్న ఇళ్లు కట్టే మేస్త్రి, ఈ పిల్లేమో గ్రౌండు మధ్యలో నడుమ్మీద చెయ్యేసుకుని నిలబడి నువ్వటెళ్లు, నువ్విటు రా అని అందరికీ పని చెబుతుంది, అందుకని పేరు అదే స్థిరపడిపోయింది. పదిహేనేళ్లప్పుడు వాళ్లన్న బూట్లలో గుడ్డలు కుక్కుకుని వచ్చింది, ఇప్పుడు ఇరవై నాలుగు. తెల్లారకముందే బేకరీలో రొట్టెల పొయ్యి దగ్గర పని, మధ్యాహ్నం దాటాక నా దగ్గర పని. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా అలిసిపోయానక్కా అనలేదు, ఆ మాట నేను నలుగురికీ గొప్పగా చెప్పుకునేదాన్ని, మా మేస్త్రికి అలుపన్నది తెలియదని.

నిన్న కార్యదర్శిగారు ఫోన్ చేశారు. రిటైరైన హెడ్‌మాస్టరు, ఎవరినీ నొప్పించరు, కానీ మార్కులు మాత్రం వెయ్యకుండా ఉండరు. చూడమ్మా, జట్టు ఇలా పడిపోవడానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలి, శిక్షణలో లోపమైతే మీరు, ఆటలో లోపమైతే కెప్టెన్, ఇద్దర్లో ఒకరు ఈ నెలాఖరుకి క్లబ్బులో ఉండరు, కమిటీ ఆ మాట మీదే ఉంది అన్నారు. కాస్త ఆగి, మీ శిక్షణ బాగానే ఉందని చూపించేవేమైనా ఉంటే తెచ్చుకోండి, ఆ శనివారం వీడియో అందరూ చూశారు కదా అన్నారు. అంటే నా మీద దయతోనే అన్నారు. నన్ను ఒడ్డున పడేసే తాడు చేతికందించి, దాని రెండో కొస ఎవరి మెడకుందో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. సరేనండీ, తెస్తానండీ అన్నాను, ఆ అండీలు తల్చుకుంటే ఇప్పుడు నాకే చిరాకేస్తోంది.

ఆ శనివారం. ఎనభయ్యో నిమిషం. రెండు గోల్స్‌తో వెనకబడి ఉన్నాం, అయినా చాలు, ఇంకో పది నిమిషాలుంది, ఇలాంటివి మేం ఇంతకుముందు గెలుపుదాకా లాగినవే. మధ్యలో బంతి పోయింది, అవతలి పిల్ల మా మేస్త్రిని దాటుకుని పరిగెత్తింది, మా మేస్త్రి వెనక్కి తిరిగి నడిచింది. పరిగెత్తలేదు, నడిచింది. చేతులు వేలాడేసుకుని, సంతలోంచి ఇంటికెళ్లేవాళ్లలా. మూడో గోల్ పడేటప్పటికి కూడా ఆ నడక మారలేదు. గ్యాలరీలో ఎవడో ఫోన్‌లో పట్టాడు, సాయంత్రానికి ఊరంతా చూసేసింది, కెప్టెన్‌కి కళ్లు నెత్తికెక్కాయని కొందరు, వేరే క్లబ్బుతో మాట్లాడుకుందని కొందరు. నేను లైను మీద గొంతు చించుకుని అరిచాను. అది కోచ్ పని, అరవచ్చు. కానీ ఆట అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో అందరి ముందూ, నీకు సిగ్గు లేదా అన్నాను. అది కోచ్ పని కాదు. ఆ పిల్ల మేజోళ్లు విప్పుకుంటూ తలెత్తకుండా వింది, ఒక మేజోడు విప్పడానికి ఎంతసేపు పడుతుంది, నేను తిట్టినంతసేపూ అదే మేజోడు లాగుతూ కూర్చుంది. నాకు అప్పుడు కోపంలో అది పొగరులా కనిపించింది.

మూల బల్ల దగ్గరున్న టైపిస్టు ఆవిడ నా వైపు చూసి, ఇంకో పావుగంట పడుతుందేమోనమ్మా, రేకులవగానే మురుక్కాలవ ఉంది అంది. పడనీ. కాగితాలు వరసలో పెట్టుకుందామని ఫైలు తెరిచాను, నీట్‌గా ఉండాలి, హెడ్‌మాస్టర్లకి నీట్‌గా ఉంటే సగం మార్కులు. వారానికో కాగితం, ఎడమ పక్క పేర్లు, పైన రోజులు, గడుల్లో అంకెలు, ప్రతి అంకె కింద నా ఎర్ర టిక్కు. ఈ చార్టంటే నాకెంత మురిపెమో. నిరుడు మూడు వారాల కోచింగ్ కోర్సుకెళ్లి నేర్చుకొచ్చాను. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి ఒక నిమిషం లెక్కపెట్టుకోవాలి, ప్రాక్టీసుకొచ్చాక డ్రెస్సింగ్ రూమ్ తలుపు మీది కాగితంలో తన గడిలో రాసుకోవాలి. అలసట తీరని ఒంట్లో గుండె పొద్దున్నే ఎక్కువ కొట్టుకుంటుంది. మామూలు మీద పది ఎక్కువుంటే ఆ రోజు తేలిక పని, పదిహేను ఎక్కువుంటే అసలు పనే లేదు. బూటు లేసుతో పెన్ను కూడా నేనే కట్టాను తలుపుకి. చెప్పడానికి మొహమాటపడే పిల్లలు కూడా అంకె రాయడానికి మొహమాటపడరు కదా అనుకున్నాను, నా తెలివికి నేనే పొంగిపోయాను.

ఎందుకంటే నేను పెద్దాయన దగ్గర ఆడాను. నా కోచ్‌ని మేమంతా పెద్దాయన అనే అనేవాళ్లం. ఆయన దగ్గర నీళ్లడిగితే రెండు చుట్లు ఎక్కువ. గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తూనే ఉండేవాడు, ఎవరో ఒకరు వాంతి చేసుకునేదాకా, చేసుకున్నవాళ్లు మాత్రం పక్కన కూర్చోవచ్చు. మా గోల్‌కీపర్ గొంతులో వేలు పెట్టుకునేది, మాకు తెలుసు, ఆయనకీ తెలిసే ఉంటుంది, నవ్వు ఆపుకుని, కూర్చోవే అనేవాడు. నేను మాత్రం వేలు పెట్టుకోలేదు, మొండిదాన్ని, మోకాలు పోగొట్టుకున్నాను. ఆపరేషనయ్యాక మంచం మీద పడుకుని, నేనెప్పుడైనా కోచ్‌నైతే ఈయన చేసినట్టు మాత్రం చెయ్యను అని ఒట్టు పెట్టుకున్నాను. చెయ్యలేదు కూడా. నీళ్లిచ్చాను, నెలసరి వచ్చినప్పుడు అడక్కుండా సెలవిచ్చాను, ఎవరి మీదా చెయ్యెత్తలేదు, పల్స్ చార్టు పెట్టాను. ఇంతకంటే ఏం చెయ్యాలి అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఆరు కాగితాల జవాబుంది.

ఆరో కాగితం ఈ వారానిది. మధ్యాహ్నం ఇటు వస్తూ తలుపు మీంచి ఊడదీసుకొచ్చాను, మీటింగని ఈ రోజు ప్రాక్టీసు లేదు. సోమవారం, మంగళవారం, బుధవారం. మేస్త్రికెదురుగా యాభై నాలుగు, యాభై నాలుగు, యాభై నాలుగు. గురువారం, అంటే ఈ రోజు, ఎవరూ రాలేదు కాబట్టి గడులన్నీ ఖాళీగా ఉండాలి. ఆ పిల్ల గడి ఖాళీగా లేదు. అక్కడ యాభై నాలుగు. శుక్రవారం గడిలో యాభై నాలుగు. శనివారం గడిలో యాభై నాలుగు. ముందు నవ్వొచ్చింది, నిజంగానే నవ్వాను, టైపిస్టు ఆవిడ తలెత్తి చూసింది. రేపు పొద్దున తన గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో సోమవారమే రాసి పెట్టేసుకుంది మా మేస్త్రి. పని ముందే ముగించే అలవాటు కదా, వారానికి సరిపడా ఒక్కసారే కలిపేసింది. నవ్వు ఎక్కడాగిందో తెలియదు.

ఐదో కాగితం తీశాను. యాభై నాలుగు ఆరుసార్లు. నాలుగోది, మూడోది, అంతే. ఏ మనిషి గుండె నెల్లాళ్లపాటు రోజూ ఒకే లెక్కన కొట్టుకుంటుంది? గోడ గడియారానికి కూడా అంత ఓపిక లేదు, వారానికోసారి వెనకబడుతుంది. మిగతా పేర్లు చూశాను. గోల్‌కీపర్ యాభై ఎనిమిది, యాభై ఏడు, యాభై ఎనిమిది, కాస్త నాటకం తెలిసిన పిల్ల, ఒకటి అటూ ఇటూ వేసింది. బ్యాకుల్లో ఇద్దరికి ఒకే చేతిరాత. జట్టులో ఒక్కరి అంకె కూడా అరవై దాటలేదు. ప్రతిదాని కింద నా టిక్కు, బలంగా, కొసన తోకతో. నేను చదవలేదు. రోజూ తలుపు ముందు నిలబడి టిక్కులు పెట్టాను, ఇంటి దగ్గర వచ్చిన పోస్టుకి సంతకం పెట్టినట్టు పెట్టాను, చదవలేదు. పైగా అంకెలు ఇంత బాగున్నాయి, పిల్లలు గట్టిపడుతున్నారు, ఇంకా పిండొచ్చు అనుకుని మూడో వారం నుంచి గ్యాలరీ మెట్లు పెట్టాను, ముందు ఆరుసార్లు, తర్వాత పది. ఓడిన కొద్దీ మెట్లు పెంచాను. చివరి ఇరవై నిమిషాల్లో కాళ్లు ఆడటం లేదు కాబట్టి కాళ్లకి ఇంకా పని చెప్పాలి అని, చూశారా, ఎంత లెక్కగా ఆలోచించానో.

ఎక్కడ మొదలైంది? రెండో కాగితం. ఎడమ పక్క దూసుకెళ్లే పిల్ల, పిచ్చుక అంటాం, అంగుళం నేల దొరికితే చాలు తుర్రుమంటుంది. రెండో వారం గురువారం, పిచ్చుక గడిలో డెబ్బై ఆరు. కొట్టివేత లేదు, ఉన్నది ఉన్నట్టు రాసింది. నేను దాని భుజం తట్టి శభాష్ అన్నాను, ఇదీ నిజాయితీ అంటే అని అందరికీ చూపించాను, శనివారం కూర్చోబెట్టాను. విశ్రాంతి అన్నాను. దాని బదులు ఆడిన పిల్ల రెండు గోల్స్ కొట్టింది. గెలిచిన జట్టుని ఎవరు కదిలిస్తారు, తర్వాతి శనివారమూ పిచ్చుక బెంచీ మీదే, ఆ తర్వాతిదీ బెంచీ మీదే, ఒంటి మీద జట్టు కోటు కప్పుకుని, మ్యాచ్ అయ్యాక అందరికంటే ముందు వ్యానెక్కి కూర్చుని. వాళ్ల అమ్మ ఒకసారి గేటు దగ్గర ఆపి, పిల్ల ఏమైనా తప్పు చేసిందా అండీ అని అడిగింది. లేదమ్మా, రెస్టు అన్నాను. అసలు మొదటిసారి కూర్చోబెట్టిన శనివారం దాటిన సోమవారం నుంచే పిచ్చుక యాభై ఎనిమిది. ఆ సోమవారం నుంచే అందరూ. నేను నేర్పింది ఆటే అనుకున్నాను, పిల్లలు నా దగ్గర ఇంకోటి కూడా నేర్చుకున్నారు, నిజం రాస్తే చోటు పోతుందని. ఎవరూ కూడబలుక్కుని ఉండరు, ఒకరి గడి చూసి ఒకరు నింపుకుంటే సరిపోయింది.

పెద్దాయన ముందు వాంతైనా చేసుకోవచ్చు. నా ముందు అది కూడా లేకుండా పోయింది పిల్లలకి.

మా అమ్మాయి కూడా ఇంతే చేసింది, పోయిన నెల. ఎనిమిదో క్లాసు. పొద్దున జుట్టు దువ్వుతూ ఒళ్లు వెచ్చగా ఉందేమే అంటే, బానే ఉన్నానమ్మా అంది. మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోను, నూట రెండు జ్వరం, బల్లమీద తల వాల్చేసిందట. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి ఆటోలో కూర్చోబెట్టుకుని, అడిగితే బానే ఉన్నానన్నావు కదే, నోరు లేదా అని విసుక్కున్నాను. అది కళ్లు మూసుకునే చెప్పింది, బాలేదంటే నువ్వు సాయంత్రం డ్యాన్సు క్లాసు మాన్పిస్తావు, ఆదివారం పుట్టినరోజుకీ పంపవు, బానే ఉన్నానంటే ఏమీ అడగవు అని. నాకు కష్టమనిపించింది, మాత్ర వేశాను, జావ కాచాను, రెండు రోజులకి మర్చిపోయాను. ఇంట్లో ఒకటి, గ్రౌండులో పద్దెనిమిది మంది. ఎవరిని అడిగినా బానే ఉన్నామంటారు, నేను మురిసిపోతాను. నాకు చాలా సిగ్గేస్తోంది.

తలుపవతల కుర్చీలు జరిగిన చప్పుడు, మురుక్కాలవ కూడా అయినట్టుంది. ఇప్పుడు లోపలికెళ్లి ఈ కాగితాలు బల్లమీద పెడితే చాలు. నేను అబద్ధమాడక్కర్లేదు. చూడండి, కెప్టెన్ రోజూ యాభై నాలుగే, ఒంట్లో ఏ లోపమూ లేదు, అయినా నడిచిందంటే అది మనసులో లోపం, అని ఆ మాట నేను అనక్కర్లేదు కూడా, హెడ్‌మాస్టరుగారే అనేస్తారు. నేను నీళ్లు నములుతూ తలొంచుకుంటే సరిపోతుంది. నెలాఖరుకి మేస్త్రి లాకరు ఖాళీ చేసుకుంటుంది, నేనుంటాను. శుక్ర, శనివారాల గడులు ఎవరూ చూడరు, నేను ఆరు వారాలు చూడలేదు, వాళ్లు ఆరు నిమిషాల్లో ఏం చూస్తారు. ఈ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని అనను. నలభై ఏడేళ్లు, ఒక మోకాలు, ఈ పని తప్ప ఇంకోటి చేతకాదు, అందుకే వచ్చింది. అది మెదడులో ఉండగానే వేళ్లు ఫోన్‌లో మేస్త్రి నెంబరు నొక్కేశాయి.

చాలాసేపు మోగాక ఎత్తింది. గొంతు బొంగురుగా ఉంది. నిద్రపోతున్నావా అంటే, లేదక్కా, ఊరికే ఇలా వాలాను అంది, పాపం అక్కడా అబద్ధమే. ప్రాక్టీసు లేదు కదా, పొయ్యి దగ్గర్నుంచి వచ్చి పడిపోయినట్టుంది. సిగ్గు లేదా అన్నందుకు క్షమించు అని ముందు అనాలి, నోటికి ముందొచ్చింది పల్స్ సంగతే.

“లేవకు. పడుకునే ఉండు. పల్స్ లెక్కపెట్టి చెప్పు.”

“యాభై నాలుగక్కా,” అంది, ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా.

“చార్టు నా ఒళ్లోనే ఉంది. నేను చార్టు అడగట్లేదు. చెయ్యి పట్టుకుని లెక్కపెట్టు, నేను లైన్లోనే ఉంటాను.”

అవతల దుప్పటి కదిలింది. నేను బీరువా పైనున్న గడియారంలో సెకన్ల ముల్లు చూస్తున్నాను. తలుపు తెరుచుకుంది, కార్యదర్శిగారు కళ్లజోడు సవరించుకుంటూ రండమ్మా అన్నారు, నేను చెయ్యెత్తి ఆగమన్నాను. ఇన్నేళ్లలో ఆయన్ని నేను ఆగమనడం ఇదే మొదటిసారి, ఆయన తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. లోపల్నుంచి అధ్యక్షులవారు ఎవరూ అంటున్నారు. ముల్లు ఎంత నెమ్మదిగా తిరుగుతోందో, ఈ పిల్లల్ని మెట్లెక్కించేటప్పుడు నా చేతి గడియారంలోనూ ఇలాంటి ముల్లే ఉండేది, అప్పుడు ఎంత తొందరగా తిరిగేదో. మేస్త్రి ఊపిరి వినిపిస్తోంది. మధ్యలో ఒకసారి ముక్కు ఎగబీల్చింది. లెక్క తప్పుతుందేమోనని భయమేసింది నాకు.

“ఎనభై రెండు,” అంది. తర్వాత మెల్లగా, “శనివారం నేను ఆడనా అక్కా?”

“ఈ శనివారం ఆడవు, వచ్చే శనివారమూ ఆడవు. ఆ తర్వాత నీ చోటు నీదే. ఈలోగా నీ బదులు ఎవరు ఎన్ని గోల్స్ కొట్టినా సరే, నీదే. పిచ్చుకకి ఈ మాట చెప్పలేదు నేను. చెప్పి ఉండాల్సింది. ఆ రోజు నిన్ను ఆ మాట కూడా అనకుండా ఉండాల్సింది.”

ఆ పిల్లకి క్లబ్బు సంగతులన్నీ తెలుసు, ఈ రోజు మీటింగు దేనికో కూడా తెలుసు.

“అప్పటికి కోచ్ మీరే ఉంటారా?”

“తెలీదు. నువ్వు పడుకో,” అని ఫోన్ పెట్టేశాను. లోపలికెళ్లాను, కూర్చోమన్నారు, కూర్చుంటే లేవడం కష్టమనిపించి నిలబడే ఉన్నాను. రేకుల లెక్క రాసుకున్న పుస్తకం పక్కకి జరిపి, ఆరు కాగితాలూ వాళ్ల ముందు వరసగా పరిచి, శుక్రవారం గడి మీద వేలు పెట్టాను. అధ్యక్షులవారు ముందుకి వంగి చూసి, బాగానే ఉన్నాయి కదమ్మా అంకెలన్నీ అన్నారు. ఇవన్నీ అబద్ధాలండీ, పిల్లల చేత రాయించింది నేనే అన్నాను.